పేరుగల ఆయుధాలు

మనిషి తన బిడ్డకు పేరు పెట్టుకుంటాడు. తన ఊరికి, చెరువుకు, దున్నే ఎద్దుకు, ఎక్కే గుర్రానికి పేరు పెట్టుకుంటాడు. ఇవి ప్రాణమున్నవో, ప్రాణాన్ని నిలిపేవో కనుక అందులో వింత లేదు. కాని ప్రాణం తీయడానికి చేసిన వస్తువుకు కూడా అతడు గౌరవంగా ఒక పేరు పెట్టుకొని, ఆ పేరును తరతరాలు తలచుకున్నాడు. ఇది మాత్రం ఆలోచింపదగిన విషయం. గాండీవం, నందకం, చంద్రహాసం, జుల్ఫిఖార్, సంసామ అనే ఈ పేర్లు వినగానే మన కళ్ల ముందు నిలిచేది ఇనుప ముక్క కాదు, ఒక మనిషి, ఒక కథ, ఒక ధర్మసంకటం. ఈ వ్యాసంలో అట్టి పేరుగల ఆయుధాలను, కవచాలను గురించి నాకు తోచిన నాలుగు మాటలు చెప్పదలచాను.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలిగించినవారు మన విద్యార్థులే. మధ్యాహ్నం విరామ సమయంలో వారిలో కొందరు సెల్‌ఫోనులో యుద్ధపు ఆట ఆడుతుంటారు. కోటలు, సైన్యాలు, సామంతులు గల మధ్యయుగపు ఆట అది. అందులో సాధారణ ఖడ్గాలు కొల్లలు. ఎక్కడో వేయింటికి ఒకటి చొప్పున దొరికే అరుదైన ఖడ్గానికి, శిరస్త్రాణానికి, కవచానికి మాత్రం ప్రత్యేకమైన పేరుంటుంది. అట్టిది దొరికినవాని చుట్టూ మిగిలినవారు గుమిగూడుతారు. ఒకనాడు ఉర్దూ మాధ్యమం విద్యార్థి ఒకడు నన్ను అడిగాడు: "సార్, ఇవన్నీ ఫిరంగీల పేర్లే. మన దగ్గర పేరున్న కత్తులు లేవా?" ప్రక్కనే ఉన్న తెలుగు మాధ్యమం విద్యార్థి నవ్వి, "అర్జునుడి గాండీవం ఉందిగా" అన్నాడు. "అది విల్లు, కత్తి కాదు" అని మొదటివాడి ఆక్షేపణ. వారి వాదం గంట మోగే వరకు సాగింది. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా రోజులు మనసులో మిగిలిపోయింది.

ఆయుధాల పేర్లను వరుసగా చెప్పే ఘట్టం మన తెలుగు పాఠ్యభాగాలలోనే ఉంది. తిక్కన సోమయాజి విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ తమ ఆయుధాలను మూటగట్టి, శవమని నమ్మించి, శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద దాచారు. ఏడాది గడిచింది. ఉత్తరగోగ్రహణ సమయాన ఉత్తరకుమారుడు ఆ చెట్టెక్కి, మూట విప్పి, మెరిసే ఆయుధాలను చూసి దిగ్భ్రాంతుడై, ఇవి ఎవరివని అడుగుతాడు. బృహన్నల ఒక్కొక్కదానిని చూపి, ఇది ఫలానివారిదని చెబుతాడు. పేడివాడని తాను చులకన చేసిన మనిషి నోట ఆ పేర్లు వింటున్నకొద్దీ ఉత్తరునికి భయం పోయి భక్తి కలుగుతుంది. ఈ ఘట్టం బోధించేటప్పుడు నేను విద్యార్థులకు ఒక సంగతి తప్పక చెబుతాను. ఆ ఆయుధాల గొప్పతనం అవి తెగనరికిన తలల లెక్కలో లేదు. ఏడాది పాటు, ఎన్ని అవమానాలు ఎదురైనా, చెట్టు దిగకుండా ఉండడంలో ఉంది. కీచకుడు ద్రౌపదిని సభలో తన్నిన రోజున కూడా గాండీవం జమ్మికొమ్మ మీదనే ఉంది.

మన తెలంగాణలో దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొని, చిన్నా పెద్దా ఒకరినొకరు కౌగిలించుకుంటారు. ఆ ఆలింగనాన్ని 'అలాయ్ బలాయ్' అంటారు. ఆయుధాలు దాచిన చెట్టు ఆకు, ఉర్దూ వాసన గల మాట, శత్రుత్వం మరచే కౌగిలి - ఈ మూడు ఒక్క పండుగలో ఎట్లా కలిశాయో గమనిస్తే, ఈ నేల స్వభావం కొంత బోధపడుతుంది. సూర్యాపేటలో మా వీధిలో దసరా సాయంత్రం నా చేతిలో జమ్మి పెట్టి, "సార్, అలాయ్ బలాయ్" అని నా భుజం మీద తల ఆనించే ఇరుగుపొరుగువారు ఉన్నారు. ఆ ఆకును ఆ రాత్రికి నేను ఏదో ఒక పుస్తకం నడుమ దాచుకుంటాను. నా విరాటపర్వం ప్రతిలో అట్టి ఆకులు చాలా ఉన్నాయి.

పురాణాలలోనే కాదు, పేరుగల ఆయుధాలు ఇప్పటికీ ఊరేగే చోటు మనకు సమీపంలోనే ఉంది. మిర్యాలగూడ నుండి వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో పల్నాటి దాయాదుల పోరు కారెంపూడి రణరంగంలో ముగిసింది. శ్రీనాథుడు ఆ వీరుల కథను ద్విపదగా వ్రాశాడు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య మొదలు ఐదు దినాలు అక్కడ వీరారాధనోత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ ఐదు దినాలకు పేర్లు. పల్లెపల్లె నుండి వీరాచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా కాపాడుకొంటున్న ఆయుధాలను మోసుకొని వస్తారు. వాటిని కొణతాలు అంటారు. నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. బ్రహ్మనాయుని ఆయుధం నృసింహకుంతం. కన్నమదాసు ఆయుధం భైరవఖడ్గం. ఈ పేర్లు ఏ పండితుడూ పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇందులో నన్ను ఆకర్షించిన విషయం మరొకటి ఉంది. కన్నమదాసు మాల కులస్థుడు. ఆనాటి సమాజంలో ఊరి వెలుపల ఉంచబడిన వర్గంలో పుట్టినవాడు. బ్రహ్మనాయుడు అతనిని పుత్రసమానుడుగా ఆదరించి సేనానిని చేశాడని వీరగాథలు చెబుతాయి. అట్టి వాని ఖడ్గానికి ఒక పేరు దక్కింది. పేరు దక్కిన ఆ ఖడ్గం ఎనిమిది వందల ఏండ్ల తరువాత కూడా పూజలందుకుంటున్నది. మందపోరు దినాన చాపకూడు అని సహపంక్తి భోజనం పెడతారు. కులభేదం లేకుండా ఒకే చాప మీద కూర్చొని తినడం బ్రహ్మనాయుడు నెలకొల్పిన ఆచారమని ప్రతీతి. అన్నదమ్ములు కొట్టుకొని చచ్చిన చోట, చంపిన ఆయుధాలను నీట కడిగి, అందరూ కలిసి అన్నం తింటున్నారు. యుద్ధస్మరణకు ఇంతకంటె మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇక అరబ్బుల వైపు చూద్దాం. హజ్రత్ అలీ ఖడ్గం జుల్ఫిఖార్ పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. ఆ పేరు మగబిడ్డలకు పెట్టుకోవడం నేటికీ ఉంది. అయితే మన విద్యార్థులకు తెలియని మరొక మాట చెబుతాను. అరబ్బీ భాషలో ఖడ్గానికి గల అనేక పర్యాయపదాలలో 'ముహన్నద్' ఒకటి. 'హింద్' అనే మాట నుండి పుట్టిన పదం అది. హిందూదేశపు ఉక్కుతో చేసినది అని అర్థం. అనగా అరబ్బు కవి తన వీరుని చేతిలోని శ్రేష్ఠమైన కత్తిని పొగడదలచినప్పుడు, మన దేశం పేరునే ఆ కత్తి పేరుగా వాడాడు. 9వ శతాబ్దిలో తత్త్వవేత్త అల్ కిందీ ఖడ్గాల జాతులను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు.

ఆ ఉక్కు తయారైన చోట్లలో మన తెలంగాణ ముఖ్యమైనది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు రెండు రకాల ఇనుమును మట్టిమూసలలో పెట్టి, మూతలు మెత్తి, కొలిమిలో కరగించి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820 ప్రాంతంలో ఆ గ్రామాన్ని చూసిన ఆంగ్లేయుడు డాక్టర్ వాయిసీ, ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుండి వస్తున్నారని వ్రాశాడు. డమాస్కస్ ఖడ్గాలని లోకం మెచ్చుకొన్న కత్తులు ఇట్టి ఉక్కుతోనే తయారయ్యేవి. ఐరోపావారు ఆ లోహాన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అనే మాటే అట్లా మారిందని పలువురి అభిప్రాయం. ఆ కత్తుల మీద నీటి అలల వంటి గీతలు కనిపిస్తాయి. వాటిని ఫారసీలో, ఉర్దూలో 'జౌహర్' అంటారు. జౌహర్ అంటే రత్నం, సారం, యోగ్యత అని కూడా అర్థాలున్నాయి. మనిషిలోని యోగ్యతకు, కత్తిలోని గీతకు ఒకే మాట వాడిన భాష మన ఉర్దూ.

విచారించవలసిన విషయమేమంటే, ఖడ్గానికి పేరుంది, దానిని పట్టిన వీరునికి పేరుంది, దేశానికి పేరుంది, కాని మూస ముందు చెమటోడ్చిన కోనసముద్రం కమ్మరికి పేరు లేదు. మా తాతగారి ఊరు కోదాడ సమీపంలోని ఒక పల్లె. అక్కడి పీరీల సావిడికి ఆయన ముజావరుగా ఉండేవారు. మొహర్రం నెలవంక కనబడగానే పీరీలను బయటికి తీసి, చింతపండుతో తోమి, దట్టీలు కట్టేవారు. పంజా ఆకారంలో కొన్ని, రెండు నాలుకల జుల్ఫిఖార్ ఆకారంలో ఒకటి ఉండేవి. వంగినదానిని సరిచేయవలసినా, ఊడినదానిని అతకవలసినా ఊరి కమ్మరే రావాలి. ఆయన స్నానం చేసి, కొత్త ధోవతి కట్టుకొని వచ్చి, "మామా, నాలుక కొంచెం వదులైంది, నేను చూసుకుంటా" అని చెప్పి, సావిడి అరుగు మీదనే చిన్న కొలిమి పెట్టుకునేవాడు. కూలి తీసుకునేవాడు కాదు. మలీద, రెండు కుడుకలు మాత్రం తీసుకునేవాడు. పీరీలను ఎత్తుకునేవారిలో అన్ని కులాలవారూ ఉండేవారు. ఈ ఆచారం విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నాయని నేను ఎరుగుదును. ఆ చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. కర్బలాలో అన్యాయంగా చంపబడినవారి జ్ఞాపకంగా ఆ లోహాన్ని ఊరంతా కలిసి భుజాన మోసిందన్నదే నేను చెప్పదలచిన సంగతి.

పేరు పొందిన ఆయుధం ఎల్లప్పుడూ గెలిపిస్తుందని అనుకోవడం పొరపాటు. అమ్ర్ బిన్ మాదీకరిబ్ అనే అరబ్బు వీరుని ఖడ్గం పేరు సంసామ. దాని కీర్తి విని ఖలీఫా హజ్రత్ ఉమర్ దానిని తెప్పించుకొని పరీక్షించారట. విన్నంత గొప్పగా అది తెగలేదు. ఆ మాట తెలిసి అమ్ర్, తాను కత్తిని మాత్రమే పంపానని, దానిని ఆడించే చేతిని పంపలేదని బదులు చెప్పాడని కథనం. సరిగ్గా ఇదే సత్యాన్ని తిక్కన మౌసలపర్వంలో చూస్తాము. శ్రీకృష్ణ నిర్యాణానంతరం అర్జునుడు యాదవస్త్రీలను వెంటబెట్టుకొని పోతుండగా దారిదోపిడిగాండ్రు మీదపడతారు. చేతిలో గాండీవమే ఉంది. కాని ఎక్కుపెట్టడమే కష్టమైంది, అస్త్రాలు జ్ఞప్తికి రాలేదు, అమ్ములు చాలలేదు. ఖాండవదహన వేళ అగ్ని తెచ్చి ఇచ్చిన ఆ వింటిని, మహాప్రస్థాన వేళ అగ్నియే ఎదురై తిరిగి ఇవ్వమని అడుగుతాడు. అర్జునుడు దానిని నీటిలో విడిచాడు. ఎంత గొప్ప ఆయుధమైనా అరువు తెచ్చుకొన్నదే, పని తీరగానే తిరిగి ఇవ్వవలసినదే.

చరిత్రలోనూ ఇట్టి నిదర్శనమే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో మిత్రులతో కలిసి గోల్కొండ కోట చూడబోయాను. పెట్లబురుజు మీద ఒక పెద్ద ఫిరంగి ఉంది. దాని పేరు 'ఫతే రహబర్'. విజయానికి దారి చూపేది అని అర్థం. ఔరంగజేబు 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు వాడిన ఫిరంగి అది. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. అంత ఘనమైన పేరుగల ఫిరంగి దారి చూపలేకపోయింది. చివరకు అబ్దుల్లా ఖాన్ పనీ అనే కోటలోని అధికారి లంచానికి లొంగి ఒక రాత్రి తలుపు తెరిచాడు. లోపల అబ్దుర్ రజాక్ లారీ అనే సర్దారు ఒళ్లంతా గాయాలతో పడిపోయే వరకు పోరాడాడు. అతని చేతిలోని కత్తికి పేరున్నట్లు ఎవరూ చెప్పరు. కాని మూడు వందల ఏండ్లు దాటినా అబ్దుర్ రజాకు పేరు విశ్వాసానికి మారుపేరుగా నిలిచి ఉంది. కోట పడిపోవడానికి గాని, కీర్తి నిలవడానికి గాని కారణం ఇనుము కాదు, మనుషులు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. పిడికి రత్నాలు పొదిగిన బాకులు, వంపు తిరిగిన తల్వార్లు, ఇనుప గొలుసుల కవచాలు అద్దాల వెనుక వరుసగా నిలిపారు. ఆనాడు నన్ను ఎక్కువసేపు నిలిపినవి కత్తులు కావు, కవచాలు. కత్తి పరుని వైపు చూస్తుంది. కవచం తన మనిషి వైపు చూస్తుంది. బహుశా అందుకే, పేరుపొందిన కవచాల కథలు పేరుపొందిన కత్తుల కథల కంటె మెత్తగా ఉంటాయి.

కర్ణుని సహజ కవచం మనందరికీ తెలిసినదే. పుట్టుకతో దేహానికి అంటి వచ్చిన ఆ కవచాన్ని, అది పోతే తన ప్రాణానికి రక్షణ లేదని తెలిసి కూడా, బ్రాహ్మణవేషంలో వచ్చిన ఇంద్రునికి కోసి ఇచ్చాడు. కర్ణుడు ఎందరిని చంపాడో చెప్పలేనివారు కూడా కవచం ఇచ్చిన సంగతి చెప్పగలరు. దీని సరసన మరొక కవచాన్ని ఉంచి చూడండి. ప్రవక్త మహమ్మద్ వారి కవచాలలో ఒకదాని పేరు 'జాతుల్ ఫుజూల్'. ఆయన పరమపదించిన సమయానికి ఆయన కవచం ఒక యూదుని వద్ద ముప్పై 'సా'ల యవధాన్యానికి కుదువ పెట్టబడి ఉందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అరేబియా అంతా ఆయన మాట వింటున్న కాలంలో, ఇంటిలో గింజల కోసం కవచం తాకట్టుకు పోయింది. కోరితే ధాన్యం ఉచితంగా తెచ్చి పోసేవారు లేరా? ఉన్నారు. అయినా అన్యమతస్థుని వద్ద న్యాయంగా కుదువ పెట్టి తెచ్చుకున్న యవలే ఆ ఇంటిలో పొయ్యి మీదికి ఎక్కాయి.

మూడవది హజ్రత్ అలీ కవచం. ఫాతిమా బీబీతో వివాహం నిశ్చయమైనప్పుడు ఆయన దగ్గర మహర్‌కు ఏమీ లేదు. "నీ హుతమీ కవచం ఏమైంది?" అని ప్రవక్త అడిగారు. ఆ కవచమే మహర్ అయింది. యుద్ధంలో ఒడలు కాపాడవలసిన ఇనుము ఒక సంసారానికి పునాది అయింది. ఆయన ఖలీఫా అయిన తరువాత జరిగిన మరొక కథ కూడా ప్రసిద్ధమే. పోయిన తన కవచం కూఫాలో ఒక యూదుని చేతిలో కనిపించింది. రాజ్యాధినేత అయి ఉండి కూడా ఆయన దానిని లాక్కోలేదు. ఖాజీ షురైహ్ వద్ద దావా వేశారు. ఖాజీ సాక్ష్యం అడిగాడు. తండ్రికి కుమారుడు చెప్పే సాక్ష్యం చెల్లదన్నాడు. దావా కొట్టివేశాడు. ఖలీఫా తలవంచి తీర్పును అంగీకరించారు. ఆశ్చర్యపడిన ప్రతివాది కవచం ఆయనదేనని ఒప్పుకొని తిరిగి ఇవ్వబోతే, దానిని అతనికే బహూకరించారని చెబుతారు. జుల్ఫిఖార్‌ను పట్టిన చేయి అది. న్యాయస్థానంలో ఆ చేయి ఖాళీగానే నిలబడింది.

ఈ సందర్భంలో మన జిల్లాల చరిత్రను మరచిపోరాదు. 1946 నుండి 1951 వరకు సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలు సాయుధ పోరాటంతో అట్టుడికాయి. దొరల గూండాలను, రజాకార్లను ఎదిరించిన పల్లెజనం చేతిలో మొదట ఉన్నవి గుత్పలు, వడిసెలలు, రోకళ్లు, కారప్పొడి. భర్మారు తుపాకులు తరువాత వచ్చాయి. ఆ వడిసెలలలో ఒక్కదానికీ పేరు లేదు. ఆ పోరాటానికి ముందే నాటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో షేక్ బందగీ అనే పేదరైతు ఉండేవాడు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు. ఏండ్ల తరబడి తిరిగి దావా గెలిచాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి గొడ్డళ్లతో అతనిని నరికి చంపారు. అతని సమాధి వద్ద జాతర జరిగేది, హిందువులు, ముస్లింలు ఇద్దరూ వచ్చేవారు. 'మా భూమి' నాటకానికి అతని కథే ప్రేరణ. బందగీ చేతిలో ఉన్నది ఒక్క కోర్టు తీర్పు కాగితం. ఆనాడు గొడ్డలి గెలిచింది. కాని నేడు ఆ గొడ్డలి ఎవరిదని ఎవరైనా అడుగుతారా? బందగీ పేరు మాత్రం పల్లెపాటల్లో వినిపిస్తూనే ఉంది.

ఇంత దూరం ఈ విషయాన్ని పొడిగించడానికి కారణం ఉంది. గత సంవత్సరం మన విద్యార్థి ఒకడు తన పుట్టినరోజున మిత్రుల నడుమ కేకును కత్తితో కాక తల్వారుతో కోశాడు. అది ఎక్కడో సంతలో కొన్న తల్వారు. ఆ దృశ్యాన్ని సెల్‌ఫోనులో తీసి అందరికీ పంపుకున్నారు. మూడవనాటికి అతని తండ్రిని పోలీసులు పిలిపించారు. తొమ్మిది అంగుళాలకు మించిన అలుగుగల ఖడ్గం ఆటవస్తువు కాదని, 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి అది వస్తుందని ఆ తండ్రికి అప్పుడే తెలిసింది. ఆయన ఆటో నడుపుకొని ముగ్గురు పిల్లలను చదివిస్తున్న మనిషి. ఆ కత్తికి పేరు లేదు. దానిని పట్టినవానికి మాత్రం పేరుంది. ఆ పేరును బట్టి ఆ కత్తికి అర్థం చెప్పేవారు ఊరిలో సిద్ధంగా ఉన్నారు. మరొక పేరుగల బాలుడు ఇదే పని చేస్తే చిలిపితనమని నవ్వుకునేవారు కూడా వారిలో ఉండవచ్చు. అట్లాగే, వాడు మనవాడు కనుక ఏమీ కాదని వెనకేసుకొచ్చినవారు మనలోనూ ఉన్నారు. ఈ రెండూ న్యాయం కావు.

మన కళాశాల కమిటీవారు సమావేశమైనప్పుడు ఆ బాలుని పేరు కొట్టివేయాలన్న మాట కూడా వచ్చింది. కొందరు పెద్దలు, నేను వద్దన్నాము. చివరకు అతడు తండ్రి సమక్షంలో ఇకపై అట్టి పని చేయనని వ్రాసి ఇచ్చాడు. కళాశాలలో కొనసాగాడు. ఆ నిర్ణయం చేసిన కమిటీవారికి ఈ సంచిక ముఖంగా నా కృతజ్ఞతలు. పేరుపట్టికలో ఒక్క గీత గీస్తే ఒక పేదవాని ఇంట పదిహేనేండ్ల కష్టం తెగిపోతుంది. ఏ ఖడ్గమూ అంత తేలికగా తెగదు.

అయితే మందలింపుతోనే మన బాధ్యత తీరదు. మన పిల్లలు కత్తిని చూసి మురిసిపోతున్నారంటే వారికి కత్తుల కథలు సగమే తెలుసునని అర్థం. ఆటలో ఖడ్గం దొరికే ఘట్టం ఉంటుంది, దానిని జమ్మిచెట్టు మీద పెట్టే ఘట్టం ఉండదు. కవచం తొడిగే ఘట్టం ఉంటుంది, గింజల కోసం దానిని కుదువ పెట్టే ఘట్టం ఉండదు. ఆట ఆడవద్దని నేను అనను. చదరంగం కూడా యుద్ధపు ఆటే. దానిని పారశీకానికి నేర్పినది మన దేశమే, 'చతురంగం' అన్న మాటే అక్కడ 'షత్‌రంజ్' అయింది. ఆట ముగిశాక మిగిలిన సగం కథను చెప్పడం ఇంటిలో పెద్దల పని, తరగతిలో మా పని. అందుకు మన గ్రంథాలయంలో తెలుగు భారతం ఉంది, ఉర్దూ సీరత్ గ్రంథాలు ఉన్నాయి. తెలుగు విద్యార్థి జాతుల్ ఫుజూల్ కథను, ఉర్దూ విద్యార్థి జమ్మిచెట్టు కథను ఒకరి వద్ద ఒకరు వినాలని నా కోరిక. వీలైతే కార్తీకమాసంలో ఒకసారి ఇరువర్గాల విద్యార్థులను కారెంపూడి తీసుకొనిపోవాలని కమిటీవారికి నా మనవి. మిర్యాలగూడ మీదుగా పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

అన్నమాచార్యుని మన పూర్వులు విష్ణుదేవుని ఖడ్గమైన నందకం అంశ అని నమ్మారు. 1408లో పుట్టి 1503 వరకు జీవించిన ఆ మహానుభావుడు ఎవరినీ నరకలేదు, వేల సంకీర్తనలు పాడాడు. ఒక ఖడ్గం భూమి మీద పుట్టదలచుకుంటే కవిగా పుట్టిందన్న ఊహ మన తెలుగువారిది. ఇంత అందమైన ఊహ చేసిన జాతికి మనమంతా వారసులమే, ఇంటిలో ఏ భాష మాట్లాడినా, ఏ దిక్కుకు తిరిగి ప్రార్థించినా.

విద్యార్థులారా! కత్తికి పేరు తెచ్చినది పట్టినవాని నడవడి. మీ చేతిలో ఉన్నది కలమైనా, కొడవలైనా, ఆటో చక్రమైనా, రేపు కంప్యూటరైనా, దానికి మీ నడవడి వల్లనే గౌరవం కలుగుతుంది. మీ తల్లిదండ్రులు మీకు పెట్టిన పేరు మీరు ధరించిన మొదటి కవచం. దానిని ఎవరి మీదా దూయనక్కరలేదు, ఎక్కడా దాచుకోనక్కరలేదు. మచ్చపడకుండా కాపాడుకుంటే చాలు.